నాయినకూ నాకూ ఒకే దురద

మా పాప ఇప్పుడు నా ఒళ్లో నిద్రపోతోంది. ఒక చేత్తో దాన్ని జోకొడుతూ ఇంకో చేత్తో ఈ ముక్కలు ఫోన్‌లో టైపు చేస్తున్నాను. "అసలేమైందే?" అని అడిగిన వాళ్లందరికీ ఇప్పటిదాకా సగం సగమే చెప్పాను. ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా చెప్పేస్తే నా గుండె దడ కూడా కాస్త తగ్గుతుందని ఆశ. ఇది చదివి, కడుపుతో ఉన్న ఏ ఒక్క అమ్మాయైనా అరచేతుల దురదను తేలిగ్గా తీసుకోకుండా ఉంటే అంతకంటే కావలసింది లేదు.

నా పేరు రజిత. కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ చెబుతాను. మాది నల్గొండ దగ్గరి పల్లె. నాయిన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మా ఆయనా తుర్కయంజాల్‌లో ఉంటారు. మా ఆయన సురేష్‌ది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. మా ఇల్లూ అక్కడే, అత్తయ్య మాతోనే ఉంటారు. పుట్టింట్లో "ఏంది", అత్తింట్లో "ఏంటి". నేను రెండూ మాట్లాడతాను. కంగారొస్తే మాత్రం మొదటిదే వస్తుంది.

శ్రావణం మొదట్లో

ముందు జబ్బు పడింది నాయిన. ఎన్నాళ్ల నుంచో ఒళ్లు దురద పెడుతున్నా ఎవరికీ చెప్పలేదు. గుమ్మం దగ్గరి కొబ్బరిపీచు పట్టా మీద అరికాళ్లు రుద్దుకుంటూ అమ్మకు దొరికిపోయాడు. అడిగితే "కొత్త చెప్పులు పడలే" అన్నాడట. ఆ తర్వాత కళ్లు పసుపు పచ్చగా మారాయి. పక్కింటి వాళ్లు పసరు మందు పోయించమన్నారు. అమ్మ ఆ మాట చెవిన పెట్టకుండా ఆయన్ని ఆటో ఎక్కించి ఎల్‌బీ నగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చింది. పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, వాటిలో ఒకటి జారి గొట్టానికి అడ్డం పడిందనీ, అందుకే కామెర్లనీ చెప్పారు. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి అడ్డం పడ్డ రాయి తీసేశారు గానీ జ్వరం పట్టుకుంది. జ్వరం పూర్తిగా పోయాకే పిత్తాశయం ఆపరేషన్ అన్నారు.

నాకు అప్పుడు ఎనిమిదో నెల. దసరా సెలవుల్లో డెలివరీ. అమ్మానాన్నలకు నేను ఒక్కదాన్నే. అందుకని స్కూలుకు సెలవు పెట్టి రోజూ పొద్దున క్యారేజీ సర్దుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లేదాన్ని. ఆ ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నీ ఒకదానికొకటి ఇనుప పట్టీతో బిగించి ఉండేవి. ఒకరు కదిలితే వరసంతా కదిలేది. సూర్యాపేట నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నన్ను చూడగానే తన సంచి తీసి నా కాళ్ల కింద పెట్టేది. "పెట్టుకో బిడ్డ. లోపల దుప్పట్లే ఉన్నయ్" అనేది. ఆమె కొడుకు ఐసీయూలో ఉన్నాడు. అయినా నా కాళ్ల వాపు ఆమె కంటికి ఆనింది.

వరలక్ష్మీ వ్రతం తర్వాత

వ్రతానికి చేతులకు మెహందీ కోన్ పెట్టుకున్నాను. ఆ మర్నాటి నుంచే అరచేతులు దురద. కోన్‌లో ఏదో కెమికల్ కలిసిందనుకున్నాను. అత్తయ్య కొబ్బరినూనె రాశారు, ఇంకోరోజు వేపాకు నూరి పట్టించారు. ఏ మాత్రం తగ్గలేదు.

దోమ కుడితే వచ్చే దురద కాదది. చర్మం పైన ఏమీ కనపడదు. పొక్కు లేదు, దద్దు లేదు. లోపలెక్కడో ఉంటుంది. ఎంత గోకినా గోరు అక్కడికి చేరదు. చీకటి పడితే ఇంకా ఎక్కువయ్యేది. పక్కన సురేష్ నిద్రపోతుంటే నేను తడిగుడ్డ చేతులకు చుట్టుకుని కూర్చునేదాన్ని. పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ల కింద నల్లటి చారలు. "నాయిన బెంగ" అని సర్దిచెప్పుకునేదాన్ని. అమ్మకు చెప్పలేదు. ఆమె నెత్తిన అప్పటికే ఒక రోగి ఉన్నాడు. రెండో రోగిగా చేరడానికి నాకు మనసొప్పలేదు.

అయితే రోగి మంచం మీద ఉన్న మనిషే నన్ను పట్టేశాడు.

ఆ మధ్యాహ్నం నాయినకు చారు అన్నం తినిపించి, స్టూలు మీద కూర్చుని అమ్మతో మాట్లాడుతున్నాను. నాకే తెలియకుండా అరచేయి మంచం ఇనుప కడ్డీకి రుద్దుతున్నాను.

"ఏంది బిడ్డా, అట్ల రుద్దుతున్నవ్?" అన్నాడు నాయిన.

"ఏం లేదు నాయినా. మెహందీ పడలే."

"కాళ్లకు గూడ పెట్టుకున్నవా మెహందీ?"

కిందికి చూసుకున్నాను. చెప్పులు విడిచి స్టూలు కాలికి అరికాలు రాస్తున్నాను.

"ఎన్నొద్దుల సంది?"

"వారం అయితుండొచ్చు."

"పొక్కులు గిట్ల లేసినయా?"

"లేవు."

"రాత్రి నిద్ర వడుతుందా?"

తల అడ్డంగా ఊపాను. నాయిన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నోరు తెరిస్తే జోకు వేసే నాయిన మొదటిసారి జోకు వేయలేదు.

"గిది నా దురదే" అన్నాడు.

అమ్మ కసురుకుంది. "నీ దురద పిల్లకెట్ల వస్తదయ్యా? గదేమన్న అంటురోగమా?"

"నాకు తెల్వదు. గని గిది నా దురదే. పైన ఏం కనవడదు, లోపల్నే సంపుతది." అంటూనే తలగడ పక్కనున్న బెల్లు నొక్కాడు. ఒకసారి నొక్కి ఆగలేదు, వదలకుండా పట్టుకున్నాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకాలే రౌండ్స్‌లో ఉన్న కుర్ర డాక్టరు కూడా వచ్చాడు.

"ఏమైంది పెద్దాయనా? నొప్పి వస్తోందా?"

"నాకేం గాలే సారూ. గీ పిల్లను జర చూడుండ్రి."

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ డాక్టరు విసుక్కుంటాడేమో అనుకున్నాను. విసుక్కోలేదు. అరచేతులు చూశాడు. అరికాళ్లు కూడా దురదేనా అని అడిగాడు. మూత్రం రంగు మారిందా అన్నాడు. మారింది. నీళ్లు సరిగ్గా తాగడం లేదేమో అనుకున్నాను.

"మీ నాన్నగారికి రాయి అడ్డం పడి పైత్యరసం ఆగిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు కొంతమందికి ఏ రాయీ లేకుండానే లివర్‌లో ఆ రసం నెమ్మదిస్తుంది. మీది అదే కావచ్చు, కాకపోనూవచ్చు. నేను ఆ డాక్టర్ని కాదు కదా. కానీ మీ గైనకాలజిస్టుకి ఇవాళే చూపించండి. రేపు అనుకోవద్దు" అన్నాడు.

"ఇవాళే" అన్న మాట దగ్గరే నాయిన లేచి కూర్చున్నాడు. చేతికి సెలైన్ సూది ఉందన్న సంగతే మర్చిపోయి "నడువు, నేనొస్తా" అన్నాడు. నర్సు ఆయన భుజం పట్టుకుని వెనక్కి పడుకోబెట్టింది.

రిపోర్టు వచ్చిన రోజు

మా డాక్టరమ్మ క్లినిక్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో ఉంటుంది. ఆ సాయంత్రమే వెళ్లి రక్తం ఇచ్చినప్పటి నుంచి రిపోర్టు వచ్చేదాకా నేను నోటికి అన్నం పెట్టుకున్నానో లేదో గుర్తులేదు. రిపోర్టు రోజు క్లినిక్ హాల్లో అందరి పొట్టల్నీ చూస్తూ కూర్చున్నాను. అందరూ మామూలుగానే ఉన్నారు. నాకొక్కదానికే ఏదో అయినట్టు అనిపించింది.

రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీశారు. రక్తంలో పైత్యరసం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. నాయిన మాటే నిజమైంది.

"నీకు పెద్ద ప్రమాదమేమీ లేదమ్మా. డెలివరీ అవగానే దురద దానంతటదే పోతుంది. బిడ్డను మాత్రం మనం కనిపెట్టుకుని ఉండాలి. మాత్రలు రాస్తాను. వారం వారం టెస్టులు. దసరా దాకా ఆగం, ముందే కానుపు చేసేస్తాం. ఇంకొక్క మాట. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఫోన్ చేసి నన్ను అడగొద్దు. నేరుగా వచ్చెయ్" అన్నారు.

"కనిపెట్టుకుని ఉండకపోతే?" అని సురేష్ అడిగాడు. "అందుకే వారం వారం రమ్మంటున్నాను" అని ఆమె టెస్టుల చీటీ అతని చేతిలో పెట్టారు. ఆ మాట చాలు. మెట్లు దిగేటప్పుడు సురేష్ నా చేయి పట్టుకున్నాడు.

ఇంట్లో గొడవ మొదలైంది ఆ రోజే.

"ఇంక ఎల్‌బీ నగర్ వెళ్లడం మానెయ్యమ్మా. కడుపుతో ఉన్న పిల్లవి, ఆ ఆసుపత్రి గాలి నీకు మంచిది కాదు. మీ నాన్నగారికి మీ అమ్మగారు ఉన్నారుగా" అన్నారు అత్తయ్య.

"ఆ ఆసుపత్రికి పోకపోతే ఇది బయటపడేదే కాదు అత్తయ్యా."

"బయటపడింది కదా. ఇంక ఇంట్లో ఉండు."

"మా నాయినను ఒదిలేసి ఎట్ల ఉంటా?" అని అరిచాను. అత్తయ్య మీద గొంతెత్తడం అదే మొదలు. సురేష్ ఇద్దరి మధ్యా కాసేపు నిలబడి ప్లేట్లు తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

మర్నాడు పొద్దున నేను తయారై బయటికి వచ్చేసరికి అత్తయ్య చీర మార్చుకుని క్యారేజీ పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు.

"పద, నేనూ వస్తాను."

మెట్రోలో నా పక్కన కూర్చుని, కిటికీ బయటికి చూస్తూ చెప్పారు. "సురేష్ కంటే ముందు నాకొకడు పుట్టాలి. తొమ్మిదో నెలలో కదలడం మానేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పుడు అడగాలని కూడా తెలియదు." నా పొట్ట మీద చెయ్యి వేశారు. "అందుకే వెళ్లొద్దన్నాను. ఇదుగో, తన్నింది."

ఈ సంగతి పెళ్లయిన ఇన్నాళ్లలో సురేష్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. అతనికీ తెలియదని తర్వాత తెలిసింది. నేను ఆవిడ చేతి మీద నా చేయి వేసి ఎల్‌బీ నగర్ వచ్చేదాకా అలాగే ఉంచాను.

అప్పటి నుంచి రోజూ ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నాయిన మంచం చుట్టూ సందడి పెరిగింది. అత్తయ్య తెచ్చిన పప్పుచారులో చింతపండు ఎక్కువని అమ్మ, అమ్మ కలిపిన అన్నంలో ఉప్పే లేదని అత్తయ్య. "వదినమ్మా, మీరిద్దరు ఒక తాన ఉంటే నాకు ఆపరేషన్ గూడ అక్కర లేదు, నవ్వుకే రాళ్లు రాల్తయ్" అనేవాడు నాయిన. నన్ను చూడగానే మాత్రం ముందు ఒకటే ప్రశ్న. "తన్నిందా?" అమ్మ కూడా అదే. సురేష్ క్లాసుకూ క్లాసుకూ మధ్య ఫోన్ చేసి అదే. నా బిడ్డ పుట్టకముందే దాని పేరు "తన్నిందా" అయిపోయింది.

నిమజ్జనం రోజు

నిమజ్జనానికి ముందే నాయిన ఆపరేషన్ అయిపోయింది. బాగా జరిగింది. నిమజ్జనం మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు. ఆ సంతోషంలో ఆ పొద్దున నేనూ అత్తయ్యా నవ్వుకుంటూ వెళ్లాం. సురేష్‌కు ఆ రోజు కూడా పరీక్ష డ్యూటీ ఉంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక నాయిన అలవాటుగా అడిగాడు. "తన్నిందా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. పొద్దున లేచాక తన్నింది. ఆ తర్వాత? గుర్తు రాలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. చల్లటి నీళ్లు తాగాను. అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి ఎదురుచూసింది. ఏమీ లేదు. ఎప్పుడూ లేని నిశ్శబ్దం లోపల.

"లే" అన్నారు అత్తయ్య. నా చెప్పులు నా ముందుకు జరిపారు. "డాక్టరమ్మ ఏమన్నారు? అడగొద్దు, వచ్చెయ్ అన్నారు. పద."

కిందికి వచ్చాం. రోడ్డు కనపడలేదు. ఎటు చూసినా విగ్రహాలు, ట్రాక్టర్లు, లారీలు. సరూర్‌నగర్ చెరువు వైపు పోయే జనంతో కూడలంతా కిక్కిరిసిపోయింది. డప్పుల మోత ఛాతీలో తగులుతోంది. ఆటో అడిగితే "ఈ రష్‌లో దిల్‌సుఖ్‌నగరా? సాయంత్రం దాకా కదలదక్కా" అన్నాడు డ్రైవరు.

"మెట్రో" అన్నాను.

అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, రంగులు పూసుకుని చిందులేస్తున్న జనం మధ్యలోకి దూరి "జరగండి నాయనా! కడుపుతో ఉన్న పిల్ల! జరగండి!" అని అరవడం మొదలుపెట్టారు. ఎవరో విన్నారు. వాళ్లు పక్కవాళ్లకు అరిచారు. డప్పు కొట్టేవాళ్లు చేతులు ఆపారు. మా ముందు సన్నటి దారి ఒకటి తెరుచుకుంది. "పో అక్కా పో!" అంటూ ఎవరో మా మీద రంగు పడకుండా చేతులు అడ్డం పెట్టారు. నాకు భయం, ఏడుపు, ఇంకేదో ఉత్సాహం, అన్నీ ఒకేసారి వస్తున్నాయి.

రైలు ఎల్‌బీ నగర్‌లోనే మొదలవుతుంది గాబట్టి మామూలుగా సీటు దొరుకుతుంది. ఆ రోజు ఖైరతాబాద్ గణపతిని చూడ్డానికి పోయే వాళ్లతో ఒక్క క్షణంలో నిండిపోయింది. కాలేజీ అమ్మాయిలు కొందరు, నుదుట కాషాయ రిబ్బన్లు, బుగ్గల నిండా గులాలు, నా మొహం చూసి లేచి నిలబడ్డారు. "ఏమైందాంటీ?" అని అత్తయ్యను అడిగారు. ఆవిడ దాచుకోలేదు. "బిడ్డ కదలట్లేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయిల నవ్వు ఆగిపోయింది. ఒకమ్మాయి తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. ఇంకొకమ్మాయి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఏం చేయాలో తెలియక అలా కూర్చుంది, అంతే.

చైతన్యపురి దగ్గర తలుపులు తెరుచుకున్నాయి. ఒక పెద్ద గుంపు ఎక్కుతూనే గొంతెత్తి అరిచింది. "గణపతి బప్పా..."

బోగీ అంతా ఒక్కసారి "మోరియా!" అంది.

ఆ అరుపుకు నా కుడి డొక్కలో ఒక్క తన్ను. చిన్నది కాదు. ఉలిక్కిపడి కోపమొచ్చినట్టు తన్ను.

"తన్నింది!" అని అరిచాను. "అత్తయ్యా, తన్నింది!"

ఆ అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకుండానే బోగీ అవతలి చివరి వరకూ చప్పట్లు పాకాయి. అత్తయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ నా పొట్ట మీద పెట్టి ఏడుస్తున్నారు. "తన్నినా సరే, దిగాల్సిందే. వెనక్కి వెళ్లేది లేదు" అన్నారు.

ఆవిడ అన్నది నిజం. క్లినిక్‌లో నడుముకు పట్టీ కట్టి బిడ్డ గుండె వినిపించారు. గుర్రం పరిగెత్తినట్టు ఆ చప్పుడు గదంతా నిండింది. అంత మంచి చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు. డాక్టరమ్మ గీతలు చాలాసేపు చూసి, "గుండె బాగానే ఉంది. కానీ నెలలు దగ్గర పడ్డాయి, పొద్దున నుంచి కదలికలు తగ్గాయంటున్నావు. ఇంక ఆగొద్దు. అడ్మిట్ అయిపో, నొప్పులు రావడానికి మందు పెడతాం" అన్నారు.

అత్తయ్య ఫోన్ చేస్తే సురేష్ నడుచుకుంటూ, పరిగెత్తుతూ వచ్చాడు. చొక్కా అంతా గులాలు. "నేను పూసుకోలేదు, జనంలోంచి వచ్చాను" అని నర్సుకు సంజాయిషీ చెబుతుంటే అంత నొప్పుల్లోనూ నవ్వొచ్చింది. ఒకసారి బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించడంతో ఆపరేషన్ చేశారు. మర్నాడు తెల్లారి వెలుతురు కిటికీలోంచి పడుతుండగా మా పాప పుట్టింది. బరువు కొంచెం తక్కువ. గొంతు మాత్రం చాలా ఎక్కువ.

ఆ తర్వాత

నాయిన ఇంటికి వెళ్లనేలేదు. డిశ్చార్జి కాగానే అమ్మను వెంటేసుకుని నేరుగా నా గదికి వచ్చేశాడు. ఒక చేయి పొట్ట మీద కుట్లకు అడ్డం, మణికట్టుకు ఆసుపత్రి పట్టీ ఇంకా అలాగే ఉంది. పాపను ముందు ఎవరి చేతికివ్వాలని అమ్మా అత్తయ్యా చూసుకుంటుండగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని రెండు చేతులూ చాచాడు. పాపను ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు చూశాడో.

నాకు ఆ రోజు సాయంత్రానికల్లా దురద సగం తగ్గింది. వారం తిరిగేసరికి ఆ ఊసే లేదు. ఇన్నాళ్ల తర్వాత కంటినిండా నిద్రపోదామంటే ఇప్పుడు పాప పోనివ్వడం లేదు. అది వేరే కథ.

మొన్న చూపించుకోవడానికి అందరం కలిసి వెళ్లాం. లివర్ రిపోర్టు మామూలుగా ఉంది. అంతా బాగుందని చెప్పి, డాక్టరమ్మ చివర్లో, "ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ గర్భం వస్తే ఈ దురద మళ్లీ వచ్చే అవకాశం ఉంది" అన్నారు.

నేను సురేష్ వైపు చూశాను. అతను నేల వైపు చూస్తున్నాడు.

"రానివ్వండి డాక్టర్ గారూ" అన్నారు అత్తయ్య. "ఈసారి మొదటి రోజే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాం."

"గుమ్మంల ఎందుకు వదినమ్మా," అన్నాడు నాయిన. "నేను బెల్లు నొక్కుత."

"ఇంకా కుట్లు ఆరలే, అప్పుడే రెండోదాని ముచ్చటా!" అని నేను అరిచాను. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వితే నాకు కుట్లు లాగాయి, నాయినకూ లాగాయి, ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ గోలకు పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. తలుపు తీసి బయటికి వస్తుంటే హాల్లో కూర్చున్న గర్భిణులంతా తలెత్తి, ఇంత గొంతు ఎవరిదా అని దాని వైపే చూశారు.